చలువ చేసే చేతులకు అప్పు పుట్టదా?

సిద్దిపేట జిల్లా పల్లెల్లో ఒక చిత్రమైన బ్యాంకు కనిపిస్తుంది. అందులో నోట్ల కట్టలుండవు. స్టీలు కంచాలు, గ్లాసులు, గంటెలు, బకెట్లు, గంజులు వరసగా పేర్చి ఉంటాయి. పెళ్లయినా, పుట్టినరోజయినా, దినాల భోజనమయినా కావలసినవాళ్లు వచ్చి ఎన్ని కంచాలు కావాలో రాయించుకుని తీసుకెళ్తారు. విందు ముగిశాక లెక్క ప్రకారం అప్పగిస్తారు. కిరాయి నామమాత్రం. లెక్క చూసేది మహిళా సంఘం. జనం పెట్టుకున్న పేరు స్టీలు బ్యాంకు.

ఐదు వందల మంది భోజనానికి ప్లాస్టిక్ ప్లేట్లు తెస్తే మర్నాడు అవన్నీ చెరువుగట్టు మీదో ఊరవతల గుంటలోనో తేలతాయి. గ్లాసులైతే అంతకు రెట్టింపు. ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. ప్లాస్టిక్ పుట్టేది ముడిచమురు, సహజవాయువుల నుంచి. తయారయ్యేటప్పుడు కొంత, తగలబడేటప్పుడు కొంత కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదులుతుంది. ఆ నల్లపొగ పీల్చినవాళ్లకు వచ్చే రోగాలు అదనం. స్టీలు చేయడానికీ బొగ్గు మండాలి, నిజమే. అయితే ఒక్క స్టీలు కంచం ఏళ్ల తరబడి వందల బంతులకు అక్కరకొస్తుంది.

ఆ గది రెండు పనులు చేస్తోంది. భూమి వేడిని పెంచే చెత్తను కాస్త తగ్గిస్తోంది. పదిమంది ఆడవాళ్ల చేతికి చిన్న వ్యాపారాన్నీ ఇస్తోంది. మన చుట్టుపక్కల భూమికి చలువ చేసే పనులు ఇంకా చాలా ఉన్నాయి. విస్తళ్లు కుట్టడం, గుడ్డ సంచులు కుట్టడం, కొర్రలూ సామలూ దంచి అమ్మడం, జీవామృతం కలపడం, తడిచెత్తను ఎరువుగా మార్చడం, కూరగాయలు ఎండబెట్టడం. ఎక్కడ చూసినా వంగి పనిచేస్తున్నది ఆడవాళ్లే. ఈ వ్యాపారాలన్నీ ఒక మెట్టు దాకా ఎక్కి అక్కడే నిలబడిపోవడమూ కనిపిస్తుంది. ఆ మెట్టు దగ్గర ఏం అడ్డొస్తోందో చూడాలి.

ఎండ సంగతి తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. అందులో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు, నీడలేని పనులు చేసుకునేవాళ్లు. ఆ తర్వాత వేసవులు ఇంకా ముదిరాయి. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో 2024 అప్పటికి నమోదైన అన్ని సంవత్సరాల్లోకీ వేడైనది. పరిశ్రమలు పుట్టకముందు నాళ్లతో పోలిస్తే భూమి సగటు ఉష్ణోగ్రత ఆ ఏడాది సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ.

దీనికి ఇంట్లో కూర్చుని మనం చేయగలిగిందేమిటని అడిగితే వచ్చే జాబితాలో చిన్నవీ పెద్దవీ కలగాపులగంగా ఉంటాయి. ప్లాస్టిక్ స్ట్రా మానేయడం మంచిదే, దానితో దిగే వేడి మాత్రం స్వల్పం. అసలు బరువు కరెంటు మీటరు దగ్గర, వంటింట్లో, వరి మడిలో ఉంది.

మన దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు 70 శాతం బొగ్గు నుంచే వస్తోంది. ఇంట్లో ఒక యూనిట్ ఖర్చయితే ఎక్కడో సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసినట్టు లెక్క. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ రకం 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే పాత ఫ్యానును మారిస్తే 200 యూనిట్లు మిగులుతాయి. అంటే ఒక్క ఫ్యాను మీదే ఏడాదికి సుమారు 140 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది. ఏసీ ఉన్న ఇళ్లలో 18కో 20కో తిప్పే అలవాటు పోవాలి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 జనవరి నుంచి తయారైన ఏసీలు మొదట 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన తెచ్చింది కూడా అందుకే.

వంటింటి లెక్క ఇంకా పెద్దది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం నివేదిక ప్రకారం 2022లో లోకం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం హోటళ్లదీ దుకాణాలదీ కాదు, ఇళ్లది. పొలం నుంచి పళ్లెం దాకా పాడయ్యే ఆహారమంతా కలిపితే భూమిని వేడెక్కించే వాయువుల్లో 8 నుంచి 10 శాతం వాటా దానిదే. పారేసిన అన్నం చెత్తకుప్ప అడుగున గాలాడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ల కాలానికి చూస్తే మీథేన్ అదే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. పాత ఇళ్లలో ఈ బెడద లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన మెతుకులు కుడితి గోలెంలోకి వెళ్లేవి. గేదె తాగేది. పేడ పొలానికి పోయేది. అపార్ట్‌మెంటులో గేదెను కట్టలేం గానీ తడిచెత్త విడిగా పెట్టి ఎరువు చేయగలం. కావలసినంతే వండగలం. పప్పు నానబెట్టి కుక్కర్లో ఉడికించగలం, ఎసరు మీద మూత పెట్టగలం.

అయితే ఈ సూచనల్ని మళ్లీ ఒకసారి చదవాలి. తడిచెత్త, పొడిచెత్త వేరు చేయాలి. గుడ్డ సంచి ఉతకాలి. పప్పు ముందే నానబెట్టాలి. మిగిలింది పాడవకముందే ఇంకో వంటకంగా మార్చాలి. ఎవరు చేయాలి? జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే సమాధానం చెబుతుంది. జీతంలేని ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే ఇస్తున్నారు. అదే పని చేసే మగవాళ్లు ఇస్తున్నది 88 నిమిషాలు. పర్యావరణం కోసమని చెప్పే ప్రతి మంచి మాటా ఇల్లాలి నెత్తిన ఇంకో పావుగంట పని పెడుతోంది. ఇంట్లోవాళ్లంతా తలా ఒక చెయ్యి వేయకుండా భూమిని కాపాడతామంటే ఆమె నిద్రలోంచి ఆ సమయం కోసినట్టే. ఆమె వ్యాపారం పెట్టాలనుకున్నప్పుడు మొదటి అడ్డంకీ ఇదే. దుకాణం తీసే వేళకు పిల్లల బడి, అత్తగారి మందులు, పొయ్యి మీద పాలు ఉంటాయి.

పొలంలోకి వెళ్దాం. తెలుగువాళ్ల ప్రధాన పంట వరి. నిండా నీళ్లు నిలిపిన మడిలో మట్టికి గాలి అందదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు మీథేన్‌ను వదులుతాయి. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడిపే ఆరుతడి పద్ధతిలో దాదాపు సగం దాకా మీథేన్ తగ్గించవచ్చు, నీళ్లూ మిగులుతాయి. యూరియా సంగతి వేరు. దాన్ని తయారు చేయడానికి సహజవాయువు కావాలి. మొక్క తీసుకోగా మట్టిలో మిగిలిన నత్రజని నుంచి నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. నూరేళ్ల లెక్కన దాని తాపశక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు.

నిలవ నీళ్లూ యూరియా రెండూ అక్కర్లేని సేద్యాన్ని నలభై ఏళ్లుగా చేసి చూపిస్తున్నవాళ్లు సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతపు మహిళలు. 1983లో పి.వి. సతీశ్, ఆయన మిత్రులు స్థాపించిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా ఊరూరా దళిత మహిళల సంఘాలను కూడగట్టింది. బీడుపడ్డ ఎర్రచెలకల్ని వాళ్లు సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ, తైద, కంది, అనుములు, అవిసెలు ఒకే చేనులో కలిపి వేస్తారు. ఒకటి ఎండితే ఇంకొకటి నిలబడుతుంది. విత్తనాన్ని కొనరు. బూడిద, వేపాకు కలిపి, మట్టి పూసిన బుట్టల్లో ఇంట్లోనే దాస్తారు. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు ఊరి నుంచి ఊరికి ఊరేగుతాయి. పాత పంటల జాతర అంటారు దాన్ని. 2008 అక్టోబరులో ఆ మహిళలే సంఘం రేడియో మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు.

ఇంత చేసినా చిరుధాన్యం వ్యాపారంగా నిలదొక్కుకోవడం ఎందుకంత కష్టం? సబ్సిడీ బియ్యం ఇంటికి వస్తుంటే జొన్నకూ కొర్రకూ ధర ఎక్కడ పలుకుతుంది? ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని తప్పుపట్టలేం, కానీ మెట్ట పంటల గిరాకీని అది తినేసిందన్నదీ నిజమే. దంచుడు సమస్య ఇంకొకటి. కొర్ర, సామ గింజలకు పొట్టు తీయడం రెక్కలు విరిచే పని. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. నగరాల్లో సూపర్‌మార్కెట్ల అరల నిండా కొర్రల ప్యాకెట్లు చేరాయి. పొట్టు తీసి, చెరిగి, ప్యాక్ చేసే యంత్రం ఊళ్లో లేకపోతే మాత్రం పండించిన మనిషికి గింజ ధరే దక్కుతుంది, ప్యాకెట్టు ధర కాదు. యంత్రానికి డబ్బు కావాలి. డబ్బు దగ్గరికే కథ మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా మహిళా సంఘాల భుజాల మీదే నడుస్తోంది. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి పులియబెట్టే ద్రవ జీవామృతం, ఘన జీవామృతం, విత్తనశుద్ధికి బీజామృతం. పశువులు లేని రైతులు వీటిని తయారుగా కొనుక్కునేందుకు ఊళ్లలో చిన్న దుకాణాలు వెలిశాయి. వాటిలో చాలావాటిని నడిపేది మహిళలే. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచుతారు. ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలు వంతులవారీగా వేసి ఎప్పటికప్పుడు చేతిలో డబ్బు ఆడేలా చూసుకునే పద్ధతికి ఏటీఎం అని ముద్దుపేరు. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ వారి మానవాళి పురస్కారం మరో ఇద్దరితో కలిపి దక్కింది.

పురస్కారం అందుకున్న పొలంలో విత్తేది, కలుపు తీసేది, జీవామృతం కలిపేది ఆమె. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మాత్రం ఎక్కువ ఇళ్లలో ఆయనది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల పేరిట నడుస్తున్న కమతాలు 14 శాతమే. పాసుపుస్తకం లేనివాళ్లకు పంట రుణం లేదు, రైతు సాయం లేదు, తనఖా పెట్టడానికి సెంటు భూమి లేదు. ఇల్లు కూడా మామగారి పేరునో భర్త పేరునో ఉంటుంది. బ్యాంకుకు వెళ్తే అడిగే మొదటి ప్రశ్న, “జామీను ఎవరిస్తారమ్మా?” రెండోది, “మీ ఆయన ఏం చేస్తారు?”

ఈ అడ్డంకి ఎంత వెడల్పో ఆరో ఆర్థిక గణన చెప్పింది. 2013-14లో దేశంలోని 5.85 కోట్ల సంస్థల్లో మహిళలు యజమానులుగా ఉన్నవి 80.5 లక్షలు. నూటికి పద్నాలుగు కూడా కాదు. వాటిలో 83 శాతం సంస్థల్లో జీతానికి ఒక్క మనిషీ లేరు. 79 శాతం సొంత డబ్బుతో మొదలైనవే. సొంత డబ్బంటే పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసు, చిట్టీ పాడిన మొత్తం, పోపుల డబ్బాలో దాచిన నోట్లు. తర్వాత పరిస్థితి కొంత మెరుగైంది. 2024 మొదట్లో కేంద్రం వెల్లడించిన లెక్కలో ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న పరిశ్రమల్లో 20.5 శాతం మహిళలవి. కానీ మొత్తం అమ్మకాల్లో వాటి వాటా 10 శాతం దాటి కాస్తంతే. అంటే సంఖ్య పెరిగినంతగా వ్యాపారం పెరగలేదు.

డ్వాక్రా సంఘాలున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, వాటి గొప్పతనం తక్కువదేం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ రోజుల నుంచి, ఆ జిల్లా పొదుపు లక్ష్మి ఉద్యమం నుంచి తెలుగు పల్లెలు దేశానికి పొదుపు పాఠం చెప్పాయి. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ కింద సంఘాలు తీసుకున్న అప్పుల్లో మొండి బకాయిలు 2 శాతం ప్రాంతంలోనే ఉంటున్నాయి. పెద్ద కంపెనీలు ఎగ్గొట్టిన వేల కోట్లు గుర్తున్నవాళ్లకు ఈ అంకె విలువ వేరే చెప్పాలా? చిక్కెక్కడంటే సంఘం అప్పు పదిమందికి పంచితే మనిషికి లక్షో రెండు లక్షలో వస్తుంది. అందులో కొంత ఆసుపత్రికి, కొంత పిల్లల ఫీజుకు పోతుంది. ముద్ర రుణాల ఖాతాల్లో మూడింట రెండు వంతులు మహిళలవే అయినా ఎక్కువ భాగం 50 వేల లోపు అప్పులు. మరోవైపు 2016 నుంచి 2025 మార్చి దాకా సాగిన స్టాండప్ ఇండియా పథకం 10 లక్షల నుంచి కోటి దాకా ఇచ్చేది. విస్తరాకు నొక్కే యంత్రాలు నాలుగు, ఒక షెడ్డు, రెండు నెలల సరుకు నిల్వ కావాలన్న మహిళ ఈ రెంటి మధ్యన మిగిలిపోయింది. ఆమెకు ఆరేడు లక్షలు కావాలి. చిన్న పరిశ్రమలకు ఇంతపాటి అప్పుకు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉందని ఆమెకు తెలియదు. తెలిసిన మేనేజరు చెప్పడు.

బ్యాంకు ముఖం చాటేస్తే వారం వారం వసూలు చేసే సూక్ష్మరుణ సంస్థల అప్పు గుమ్మంలోకే వస్తుంది. దాని చేదు 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తిన్నంతా తిన్నది. వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక జరిగిన ఆత్మహత్యల తర్వాత, ఆ అప్పులకు పగ్గం వేసేందుకు ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. చేతికి సులువుగా వచ్చే అప్పు, వ్యాపారం ఎదిగేందుకు వ్యవధినిచ్చే అప్పు ఒకటి కావు.

సరైన అప్పు, సరైన యంత్రం, ఖాయమైన కొనుగోలుదారు మూడూ కలిస్తే ఏమవుతుందో మహారాష్ట్రలో చూడొచ్చు. ముంబైలోని రసాయన సాంకేతిక సంస్థ విద్యార్థులు కొందరు సూర్యుడి వేడితో పనిచేసే, కరెంటు అక్కర్లేని డ్రయ్యరును రూపొందించి ఎస్‌ఫోర్‌ఎస్ టెక్నాలజీస్ పేరిట సంస్థ పెట్టారు. ఆ యంత్రాలను పల్లె మహిళలకు అప్పు కుదిర్చి మరీ ఇప్పించారు. మార్కెట్లో ధర రాక, ఆకారం బాగాలేక మిగిలిపోయే ఉల్లి, టమాటా, అల్లం ఇంటి దగ్గరే కోసి ఎండబెడతారు. సంస్థ తిరిగి కొని ఆహార కంపెనీలకు అమ్ముతుంది. కుళ్లి మీథేన్ కావలసిన కూరగాయ సరుకైంది, కూలికి పోయే మనిషి యజమాని అయింది. 2023లో ఆ సంస్థకు ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది.

ఇది చదివిన తెలుగు పాఠకులకు డాబా మీద ఎండే వంకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు, చల్ల మిరపకాయలు గుర్తురాక మానవు. విద్య మనకు కొత్త కాదు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన ప్రతిసారీ టమాటా రోడ్డు పక్కన పారబోయడం చూస్తూనే ఉన్నాం. అదే టమాటా 2023 జులైలో కిలో 150 దాటి పలికింది. ఈ రెండు దృశ్యాల మధ్య కొన్ని వందల సౌర డ్రయ్యర్లు, వాటికి పెట్టుబడి పెట్టే బ్యాంకు ఉండాలి. రాయలసీమ ఎండ ఎలాగూ ఉంది.

ఎండ అన్నప్పుడు మరో సంగతి. ఈ వ్యాపారాలను భూతాపమే దెబ్బతీస్తోంది. ఆకుకూరలు, పూలు, చేపలు అమ్ముకునే మహిళ దుకాణం ఫుట్‌పాత్ మీద ఉంటుంది. మే నెల మధ్యాహ్నానికి సరుకు వాడిపోతుంది, కొనేవాళ్లు గడపదాటరు. వేడి వల్ల 2030 నాటికి భారతదేశం పని గంటల్లో 5.8 శాతం నష్టపోతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. మగదిక్కు ఉన్న పల్లె కుటుంబాలతో పోలిస్తే ఆడవాళ్లే ఇల్లు నడిపే కుటుంబాలు వేడి వల్ల 8 శాతం ఎక్కువ ఆదాయం పోగొట్టుకుంటున్నాయని ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో తేల్చింది.

దీనికి విరుగుడు వెతికినవాళ్లలో ముందున్నది ఇలా భట్ 1972లో అహ్మదాబాద్‌లో పెట్టిన స్వయం ఉపాధి మహిళల సంఘం సేవా. కచ్ చిన్న రణ్‌లో ఉప్పు పండించే అగరియా కుటుంబాలకు భూమిలోంచి ఉప్పునీరు తోడే డీజిలే పెద్ద ఖర్చు, సంపాదనలో పెద్ద వాటా అదే మింగేది. సేవా సభ్యులు బ్యాంకు అప్పులతో సౌర పంపులకు మారారు. డీజిల్ పొగా తగ్గింది, షావుకారు దగ్గర అప్పూ తగ్గింది. ఎండ మితిమీరిన రోజుల్లో పని పోయినందుకు పరిహారమిచ్చే బీమానూ సేవా తెచ్చింది. 2024 వేసవిలో అందులో చేరిన దాదాపు 50 వేల మందిలో చాలా ఎక్కువమందికి డబ్బు అందింది. పెద్ద మొత్తం కాదు. ఇంట్లో ఉండిపోతే పస్తు, బయటికెళ్తే వడదెబ్బ అన్న రోజున కాస్త ఊపిరి తీసుకోనిచ్చే సొమ్ము.

అప్పు దొరికి, సరుకు తయారైనా అమ్మకం దగ్గర ఇంకో గోడ. 2022 జులై 1న ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసుల మీద దేశవ్యాప్త నిషేధం వచ్చింది. అల్లూరి, మన్యం జిల్లాల అడవుల్లో అడ్డాకులు కోసుకొచ్చి కుట్టే గిరిజన మహిళలకు, తెలంగాణలో మోదుగాకు విస్తళ్లు కుట్టేవాళ్లకు అది మంచి రోజు కావాలి. నిషేధం కాగితం మీద ఉంది, ప్లాస్టిక్ ప్లేటు కిరాణా కొట్లో ఉంది. యంత్రం నిమిషానికి వందలు దింపే ప్లేటు ధరతో, అడవిలో మైళ్లు నడిచి తెచ్చిన ఆకు పోటీపడాలి. వారపు సంతలో షావుకారు చెప్పిందే ధర. భూమికి చేసిన మేలుకు ఆమెకు ఎవరూ పైసా కట్టడం లేదు, భూమికి చేసిన కీడుకు ప్లాస్టిక్ ప్లేటువాడు పైసా కట్టడం లేదు. ధరల్లో ఉన్న ఈ అన్యాయాన్ని సరిచేయకుండా “మహిళలు మార్కెటింగ్ నైపుణ్యం పెంచుకోవాలి” అని శిక్షణ తరగతులు పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ.

కొనేవాడు ఖాయమైతే పరిస్థితి ఎలా మారుతుందో తెలుసు. తెలంగాణలో ప్రభుత్వ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చాక పల్లెల్లో కుట్టుమిషన్లకు చేతినిండా పని దొరికింది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 3 శాతం మహిళల చిన్న పరిశ్రమల నుంచే కొనాలని 2018లో నిబంధన వచ్చింది. గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ కట్టించిన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ 1993లో పుట్టింది. 2018 మహిళా దినోత్సవం నాడు హైదరాబాద్‌లో మహిళల వ్యాపారాలకు తోడ్పడే వీ హబ్ తలుపులు తెరిచింది. ఇవి మేలు చేసే ఏర్పాట్లే. మన్యం జిల్లా సీతంపేట సంతలో ఆకుల మోపు దించుకున్న మహిళ దాకా అవి నడిచి రావాలి. మన పంచాయతీలు, హాస్టళ్లు, కల్యాణ మండపాలు, దేవస్థానాల అన్నదాన సత్రాలు విస్తళ్లను ఏడాదికి ఇన్నని ముందే ఆర్డరు ఇస్తే ఆ కాగితాన్ని చూసి బ్యాంకూ అప్పిస్తుంది.

చివరి అడ్డంకి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సరుకు అందాక డబ్బు ఆలస్యం. చిన్న పరిశ్రమల నుంచి కొన్నవాళ్లు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. పెద్ద క్యాటరింగ్ సంస్థ, దుకాణాల గొలుసు, ఒక్కోసారి సర్కారు కార్యాలయం కూడా నెలల తరబడి తిప్పుతాయి. కోటీశ్వరుడికి ఆలస్యం చిరాకు. లక్ష రూపాయల పెట్టుబడి మీద నడిచే సంఘానికి అది వచ్చే నెల ఆకు కొనలేకపోవడం, కూలి ఇవ్వలేకపోవడం, మళ్లీ గొలుసు తాకట్టు.

కాబట్టి ఈ ఏడాది మీ ఇంట్లో శుభకార్యం ఉంటే క్యాటరింగ్ మాట్లాడే ముందు మండల మహిళా సమాఖ్య కార్యాలయంలో ఒకసారి అడగండి. స్టీలు కంచాలు ఎక్కడ కిరాయికి దొరుకుతాయో, విస్తళ్లు ఎవరు కుడుతున్నారో, కొర్రలు ఎవరు దంచుతున్నారో అక్కడివాళ్లకు తెలుసు. బేరమాడేటప్పుడు పక్కన ప్లాస్టిక్ ప్లేటు ధర పెట్టి పోల్చకండి. సరుకు మీ గుమ్మంలో దిగిన రోజే డబ్బు వాళ్ల చేతిలో పెట్టండి.